కోడలు రాసిన పేరు

టీ కెటిల్ ఆ ఉదయం కూడా బాతిమా ముందే ఉంది.

కురాలయ్ ఈ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ కెటిల్ ఆమె మోకాలి పక్కనే ఉండేది. ఇంటిల్లిపాదికీ టీ పోసే హక్కు కోడలిది. గురువారం నుంచి అత్తగారు బాతిమా ఆ హక్కును నోరు విప్పకుండానే లాగేసుకుంది.

ఆమె తన భర్త గిన్నెలో సగం పోసింది. కొడుకు ఎల్దోస్ గిన్నెలో సగం పోసింది. కోడలి గిన్నెను మాత్రం అంచుదాకా నింపి, తొణక్కుండా ముందుకు తోసింది.

సగం పోస్తే ఇంకా కూర్చోమని. నిండా పోస్తే తాగి లేవమని.

"అపా, ఇదేంటి?" అని తల్లిని అడిగాడు ఎల్దోస్.

"టీ. కనబడ్డం లేదా?"

"నిండా పోశావు."

"చెయ్యి జారింది. ఈ ఇంట్లో చేతులు జారడం కొత్తా? నీ పెళ్లాం వేళ్లు జారితే ప్రపంచమంతా చదివింది. నా చెయ్యి జారితే ఒక గిన్నె నిండింది. అంతేగా!"

కురాలయ్ గిన్నె ఎత్తి ఒక గుక్క తాగి కింద పెట్టింది. లేవలేదు.

పొట్టి బల్ల చివర మామగారు కబ్దేన్ రొట్టెముక్కకు వెన్న రాసుకుంటున్నాడు. తల్గర్ కొండల మీది అడవి ఆపిల్ చెట్లకు పట్టే పురుగుల్ని చూస్తూ తల నెరిసిన మనిషి. ఏ పనైనా నింపాదిగానే చేస్తాడు. కోడల్ని 'బలమ్' అని, అంటే నా బిడ్డా అని, తప్ప పిలిచేవాడు కాదు. బుధవారం సాయంత్రం నుంచి ఆ పిలుపు లేదు. అసలు మాటే లేదు.

"అపా, నేను ఆయన్ని తక్కువచేసి ఏమీ రాయలేదు," అంది కురాలయ్.

"తక్కువో ఎక్కువో నాకు తెలీదు. పేరు రాశావా, లేదా?"

"రాశాను."

"మామగారి పేరు!"

"అక్కడ 'మా మామగారు' అని ఎలా రాస్తానపా? వాళ్లంతా శాస్త్రవేత్తలు. ఎవరి పని గురించి చెబితే వాళ్ల పేరు రాయాలి."

"ఏం, రాయకపోతే చేతులు పడిపోతాయా? నా బావగారి పేరులో గొర్రె అన్న ముక్క ఉందని, ఈ ఇంటికొచ్చాక నేను గొర్రెను గొర్రె అనలేదు. 'అరిచేది' అనేదాన్ని. 'రెండు కిలోల అరిచేది ఇవ్వు' అంటే సంతలో కసాయివాడు కత్తి కింద పెట్టి మరీ నవ్వేవాడు. అయినా అనలేదు. ఆయన పోయి పదేళ్లయింది, ఇప్పటికీ అనను. నువ్వేమో చదువుకున్నదానివి, ఇంటి పెద్ద పేరు తీసుకెళ్లి ఊరూపేరూ తెలియనివాళ్ల ముందు పారేశావు. దాని కింద వాళ్లు నవ్వుతున్న బొమ్మలు పెడుతున్నారు!"

నవ్వే బొమ్మలు పెట్టింది వేరేవాళ్లు. కానీ ఆ తేడా బాతిమాకు చెప్పి లాభం లేదని కురాలయ్‌కి తెలుసు.

జరిగింది పెద్ద కథేమీ కాదు. కురాలయ్ అల్మాటి యూనివర్సిటీలో కీటకాల పాఠం చెబుతుంది. ప్రపంచం నలుమూలలా పురుగుల మీద పనిచేసేవాళ్లు నెట్‌లో ఒకచోట చేరి మాట్లాడుకుంటారు. ఎవరి ఫొటోలు వాళ్లు పెడతారు, తెలియనిది అడుగుతారు, తెలిసింది చెబుతారు, మధ్యలో పోట్లాడుకుంటారు. కొందరు పొద్దున్నే పేపరు చదివినట్టు ఆమె వాళ్ల మాటలు చదువుతుంది. ఒక్కరి ముఖమూ నేరుగా చూడలేదు. కానీ ప్రేగ్‌లో ఎవరి ప్రయోగం బెడిసిందో, జపాన్‌లో ఎవరి డబ్బాలో సీతాకోకచిలుక గూడు చీల్చుకుని వచ్చిందో ఆమెకు తెలుసు.

పోయిన ఆదివారం మామగారు పనిచేసే పరిశోధనా సంస్థ కొండ మీద నడుస్తుంటే, ఒక ముసలి అడవి ఆపిల్ చెట్టు బెరడు మీద అర్ధచంద్రాకారపు చిల్లు కనబడింది. పక్కనే వడ్లగింజంత ఆకుపచ్చ పురుగు. ఫొటో తీసి పెట్టింది. గంట తిరక్కుండా జవాబులు వచ్చాయి. ఒకరు పొట్టవైపు ఫొటో పెట్టమన్నారు. ఇంకొకరు తలమీది గుర్తుకు సున్నా చుట్టారు. చివరికి ఎక్కువమంది ఒకటే మాట అన్నారు: దేశ సరిహద్దు అవతల కొండలకు కొండల ఆపిల్ అడవిని ఎండబెట్టిన పురుగులా ఉంది.

'మీ వైపు ఇదివరకు ఎవరైనా చూశారా?' అని ఒకాయన అడిగాడు.

అప్పుడు రాసింది ఆమె. 'ఈ చెట్ల పురుగుల గురించి కబ్దేన్‌గారికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. ఆయన రాసినవాటిలో దీని ప్రస్తావన లేదు.'

గౌరవంగానే రాసింది. కానీ తల్గర్ టెలిగ్రామ్ ఛానెల్ ఒకటి దాన్ని ఎత్తుకుని, 'పండితుడి కంటికి ఆననిది కోడలి కంట పడింది' అని తలకట్టు పెట్టింది. నవ్వే బొమ్మలు దాని కింద వచ్చాయి.

ఫోను మోగింది. కబ్దేన్ వెన్న కత్తి తుడిచి పక్కన పెట్టి తీశాడు. ఆయనకు చెవుడు లేదు గానీ, ఫోన్ అవతలివాళ్లకు ఉందన్నట్టు శబ్దం పెంచి పెట్టుకుంటాడు. సంస్థ డైరెక్టరు జక్సిలిక్ గొంతు గదంతా వినబడింది. కబ్దేన్‌ను అతను గౌరవంగా 'కబెకె' అంటాడు.

"కబెకె, మీ ఇంటి సంగతి మీ ఇష్టం. సోమవారం పైనుంచి కమిషన్ వస్తోంది, అది నా తలకాయనొప్పి. మీరొక్క ముక్క రాసివ్వండి. అది ఇక్కడి పురుగే, ఎప్పటినుంచో ఉన్నదే, భయం లేదు అని. మీ పేరుంటే ఇంక ఎవరూ నోరెత్తరు. మధ్యాహ్నంలోగా కావాలి."

"రాస్తాను," అన్నాడు కబ్దేన్.

కురాలయ్ ఉలిక్కిపడి మామగారి వైపు తిరిగింది. "ఆతా! చూడకుండానే ఎలా రాస్తారు?"

కబ్దేన్ ఫోను పెట్టేసి కొడుకు వైపు తిరిగాడు. "చూశానని చెప్పు ఆమెకి."

ఎల్దోస్ ఎదురుగా ఉన్న భార్యను చూశాడు, మళ్లీ తండ్రిని చూశాడు. "అకే, తను ఇక్కడే ఉంది కదా."

"నిరుడు వేసవి నుంచి చూస్తున్నానని చెప్పు. అలాంటివి నా దగ్గర ఏడు ఉన్నాయని చెప్పు. ఒక్కొక్కదాన్నీ కోసి చూశాను. అవి ఇక్కడివే. చచ్చే చెట్టునే తింటాయి, బతికినదాన్ని చంపవు."

కురాలయ్ చూపు మామగారి మీద నిలవలేదు. భర్త మీద ఆగింది. ఎల్దోస్ చెవులు ఎర్రబడ్డాయి. ఆశ్చర్యం మాత్రం లేదు ఆ ముఖంలో.

ఆమె నిండు గిన్నె వదిలి లేచింది.

*

"నీకు తెలుసు," అంది వంటింట్లో.

ఎల్దోస్ ఊళ్లో పళ్ల డాక్టరు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే ముందు నోట్లోకి చూస్తాడు, తర్వాత కళ్లలోకి. ఇప్పుడు రెండూ చూడలేకపోయాడు.

"ఆయనకు సన్న పట్టకార్లు కావాలంటే నా క్లినిక్ నుంచి తెచ్చిచ్చాను. దీపం కూడా. ఏం చూస్తున్నారంటే చెప్పారు. తేలేదాకా ఎవరికీ చెప్పొద్దన్నారు."

"ఎవరికీ అంటే నాకు కూడానా?"

"ఎవరికీ అంటే ఎవరికీ అనే కదా అర్థం."

"ఈ ఇంట్లో పురుగుల చదువు చదివినవాళ్లం ఇద్దరమే ఉన్నాం, ఎల్దోస్! ఒకరి సంగతి ఒకరికి చెప్పకూడదని మధ్యలో నువ్వు కూర్చున్నావు. పళ్లు పీకేవాడివి!"

"నువ్వు ఆ ఫొటో పెట్టేముందు నాకు చెప్పావా? మరి నేనెలా ఆపను?"

ఆ మాట నిజమే. ఆమె పంపు విప్పి, కడిగిన కప్పునే మళ్లీ కడిగింది.

"క్షమాపణ రాసెయ్యి," అన్నాడతను మెల్లగా. "పొరపాటు పడ్డానని రాస్తే అయిపోతుంది. అపా శాంతిస్తుంది."

"పొరపాటు పడితే రాస్తాను. పడ్డానో లేదో ఎవరికి తెలుసు?"

ఆమె ఫ్రిజ్ తెరిచింది. తలుపు అరలో, బాతిమా పెరుగుబిళ్లల డబ్బా వెనక, చిన్న గాజుగొట్టం ఉంది. అందులో ఆదివారం నాటి పురుగు.

"అది అక్కడ పెట్టావా?" ఎల్దోస్ గొంతు తగ్గించాడు. "అపా చూస్తే నిన్ను కాదు, ఫ్రిజ్‌నే బయట పారేస్తుంది."

ఆమె గొట్టం తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

*

కబ్దేన్ గది తలుపు తీసే ఉంది. ఆయన కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కాగితం మీద ఒక్క అక్షరం లేదు.

"నీ ఫోన్ తెచ్చావా?" అన్నాడు తలెత్తకుండా. మూడు రోజుల తర్వాత నేరుగా అన్న మొదటి మాట అది. "ఆఫీసుకి కాగితం నేను రాసుకుంటాను. నెట్‌లో నీవాళ్లకి నువ్వే రాయాలి. నాకు అక్కడ చోటు లేదు. నేను చెబుతాను, ఫోన్లో కొట్టు."

"కొట్టను, ఆతా."

ఆయన తలెత్తాడు. ఈ ఇంట్లో ఆమె ఆయనకు 'చేయను' అని చెప్పడం అదే మొదలు. చెప్పాక ఆమె గదిలోకి ఇంకో అడుగు వేసింది.

"మీ ఏడూ నాకు చూపించండి. నాది మీరు చూడండి. మీరన్నట్టే ఇది ఇక్కడిదైతే, తప్పు నాదని నా పేరుతోనే రాస్తాను. నవ్వే బొమ్మలు నాకే పెట్టుకోనివ్వండి."

గాజుగొట్టం బల్ల మీద పెట్టింది.

కబ్దేన్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు. అలమర నుంచి చెక్కపెట్టె తీసి, సూక్ష్మదర్శిని మీది గుడ్డ తొలగించాడు. తనవాటిలో ఒకటి, ఆమెది ఒకటి పక్కపక్కన పెట్టాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి వంగాడు.

బయట కోళ్లను అదిలిస్తున్న బాతిమా గొంతు వినబడుతోంది. కోళ్లను అంటోందో కోడల్ని అంటోందో తెలియకుండా అంటోంది.

కబ్దేన్ చాలాసేపు తల ఎత్తలేదు. తనవాటిలో మొదటిది తీసి రెండోది పెట్టాడు. రెండోది తీసి మూడోది. ఆమెది మాత్రం పక్కకు తీయలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి, అలా వంగే. "గోడ ఇవతల నేనున్నాను. ఫొటో పట్టుకుని వీధిలోకి పోయావు."

"వీధి కాదు ఆతా. వాళ్లు కూడా మీలాంటివాళ్లే."

"అయి ఉండొచ్చు. వాళ్లు నీకు మామలు కారు. అందుకే అడిగావు."

కురాలయ్ చెప్పేసింది.

"అవును. అందుకే అడిగాను. వాళ్లలో ఒకాయన 'తప్పు చూశావు, మళ్లీ చూడు' అంటాడు, నేను 'మీరే మళ్లీ చూడండి' అంటాను. ఎవరికీ కోపం రాదు. ఇక్కడ మీకు టీ ఇచ్చేటప్పుడు తలెత్తి చూడకూడదని నేర్పారు. తలెత్తకుండా ప్రశ్న ఎలా అడగను?"

కబ్దేన్ సూక్ష్మదర్శిని నుంచి కళ్లు తీశాడు. చాలాసేపు ఒత్తి పెట్టడంతో కళ్ల చుట్టూ రెండు ఎర్రటి గుండ్రాలు పడ్డాయి. ఆయన లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు.

"కూర్చో. నుదుటి మీద గీత చూడు. తర్వాత పొట్ట చివర చూడు. ఏమీ చెప్పను. నువ్వే చెప్పు."

ఆమె చూసింది. ఆయన పురుగుకు నుదుటి మీద సన్నని గాడి ఉంది. ఆమెదానికి లేదు. పొట్ట చివర ఆయనదానికి గుండ్రం, ఆమెదానికి చిన్న నొక్కు.

"ఇవి రెండూ ఒకటి కావు," అంది.

"కావు. నా ఏడూ ఇక్కడివే. నేను తప్పు చూడలేదు." ఆయన గొంతు మామూలుగానే ఉంది, పాఠం చెబుతున్నట్టు. "నీదీ నువ్వు తప్పు చూడలేదు. ఇది అవతలి నుంచి వచ్చింది. ఒకే కొండ మీద రెండూ ఉన్నాయి. ఏడాదిపాటు నేను మొదటిదాన్నే చూస్తూ కూర్చున్నాను."

"మీరు తేల్చుకుందామని ఆగారు."

"ఆగాను. ఇది ఆగలేదు."

గుమ్మంలో అలికిడైంది. బాతిమా చేతిలో గింజల గిన్నెతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో!

"ఏం తేలింది?" అంది.

"నీ కోడలు చెప్పింది నిజం," అన్నాడు కబ్దేన్. "నేను చెప్పిందీ నిజమే. కానీ ఆమెది పెద్ద నిజం."

"నిజం సంగతి నేనడగలేదు. పేరు సంగతి?"

"పేరు మళ్లీ రాస్తుంది. ఇప్పుడే. తన పేరు పైన, నా పేరు కింద. నేనే రాయమంటున్నాను. బాతిమా, పేరు పలక్కుండా గౌరవించడం ఇంట్లో. మా పనిలో పేరు పెట్టి పిలవడమే గౌరవం."

బాతిమా గిన్నెలోని గింజల్ని వేళ్లతో కలిపింది. "అయితే నలభై ఏళ్లు నేను గొర్రెను అరిచేదని అన్నది..."

"అది నీ ఇష్టం. మా అన్న సంతోషించాడు."

"కసాయివాడు కూడా," అని గొణిగి ఆమె వెళ్లిపోయింది. వెళ్లింది గానీ, కోళ్ల అరుపుల మీద ఆమె అరుపులు మాత్రం మళ్లీ వినబడలేదు.

ఇద్దరూ కలిసి రాశారు. కబ్దేన్ ఒక్కొక్క మాటనూ తూచి చెప్పాడు. కురాలయ్ సగం మాటలు కొట్టేసింది. "ఇంత పొడుగు ఎవరూ చదవరు ఆతా."

"చదవనివాళ్లకి ఎందుకు రాయడం?"

"చదివించడానికే."

ఆయన ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు. రెండు పురుగుల ఫొటోలూ పక్కపక్కన పెట్టి ఆమె పోస్టు చేసింది. తర్వాత ఆయన సంస్థకు రాయాల్సిన కాగితం తీసి, 'కొండ మీది ఆపిల్ చెట్టులో దొరికిన పురుగు ఈ ప్రాంతానికి కొత్తది, ప్రమాదకరమైనది' అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాడు. దాని ఫొటో కూడా ఆమెతోనే జక్సిలిక్‌కు పంపించాడు.

ఫోన్ మీద జవాబులు ఒకటొకటిగా దిగసాగాయి. కబ్దేన్ కళ్లద్దాలు దింపుకుని ఆమె భుజం మీదుగా చదివాడు. పేర్లు అడిగాడు. "ఈయన ఎవరు? ఇరవై ఏళ్ల కింద ఈయన రాసింది చదివాను. ఇంకా ఉన్నాడా?"

"ఉన్నాడు. పొద్దున్నే తన పిల్లి ఫొటో కూడా పెట్టాడు."

"పిల్లి ఎందుకు?"

ఆమె జవాబు చెప్పేలోగా ఇంకొకటి వచ్చింది. సరిహద్దు అవతలి అడవుల్లో ఇదే పురుగుతో ఏళ్ల తరబడి తంటాలు పడిన ఒకావిడ రాసింది. ముందూ వెనకా మర్యాదల్లేవు.

'చెట్లు నరకకండి. ఈ నెలలో అసలు నరకకండి. బెరడు లోపలివి రెక్కలొచ్చి బయటికొచ్చే కాలం ఇది. మేము నరికి లారీల్లో కిందికి దించాం. కలపతో పాటే పురుగూ లోయలోకి దిగింది. మానుల్ని నిలబెట్టే గట్టిగా గుడ్డ చుట్టండి. అంతే. వెంటనే.'

"సరైన మాట," అన్నాడు కబ్దేన్. "సోమవారం కమిషన్‌తో ఇదే చెప్పాలి."

అప్పుడే జక్సిలిక్ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో బతిమాలడం లేదు.

"మీ కాగితం చూశాను కబెకె. మీరు రాయరని నాకు ముందే అనిపించింది. పోనీండి. ఆ కాగితంతో ఇంక పనిలేదు. పొద్దున్నే మనుషుల్ని పంపాను, చిల్లులున్న చెట్లన్నీ తీసేస్తున్నారు. సోమవారానికి చెట్లే ఉండవు. చెట్టే లేకపోతే ప్రశ్న ఏముంది?"

"జక్సిలిక్, ఆపించు. కలప కొండ దిగకూడదు. విను..."

"మొదటి బండి బయల్దేరింది కూడా," అని ఫోన్ పెట్టేశాడు.

కబ్దేన్ మళ్లీ చేశాడు. ఎత్తలేదు. కురాలయ్ తన ఫోన్ నుంచి చేసింది. అదీ ఎత్తలేదు.

"ఎల్దోస్!" ఆయన కేక అంత పెద్దగా ఆ ఇంట్లో ఎప్పుడూ వినబడలేదు. "కారు తియ్యి!"

ఆయన బూట్లు వేసుకునేలోగా బాతిమా ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ చంకలో ఇరికించుకుని గేటు దగ్గరికి వచ్చేసింది. చుట్టడానికి గుడ్డ కావాలన్నారుగా అంది. ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. ఎల్దోస్ కారు తలుపు తీసి భార్య వైపు చూశాడు. ఏదో అనబోయాడు.

"తర్వాత," అంది కురాలయ్. "నీతో మాట్లాడాల్సింది చాలా ఉంది. ముందు నడుపు."

కబ్దేన్ వెనక కూర్చున్నాడు. "నువ్వు ముందు కూర్చో బలమ్," అన్నాడు. "బండి ఎదురైతే మాట్లాడాల్సింది నువ్వే. నేను మాట్లాడితే వాళ్లు గౌరవంగా విని, పక్కనుంచి వెళ్లిపోతారు."

ఊరి చివర తారురోడ్డు అయిపోయి మట్టిదారి మొదలైంది. ఒకవైపు వాగు, ఒకవైపు కొండ. రెండో మలుపులోనే ఎదురైంది ట్రాక్టరు. వెనక తొట్టిలో ఆపిల్ మొద్దులు అడ్డదిడ్డంగా, పచ్చి ఆకులతో సహా.

"అడ్డం పెట్టు," అన్నాడు కబ్దేన్.

ఎల్దోస్ కారును దారికి అడ్డంగా తిప్పి ఆపాడు. ట్రాక్టరు డ్రైవరు హారను కొట్టాడు, మళ్లీ కొట్టాడు, తిట్టుకుంటూ దిగాడు.

"ఏంటమ్మా ఇది? డైరెక్టరుగారి ఆర్డరు. మూడు ఊళ్లవాళ్లు పొయ్యికట్టెల కోసం కింద కాసుక్కూర్చున్నారు. ఇంకో బండి ఇందాకే దాటిపోయింది."

కురాలయ్ కారు దిగి అతని ఎదురుగా నిలబడింది. చెప్పడానికి నోరు తెరిచింది. చూపు అతని చేతి మీద ఆగింది.

డ్రైవరు చొక్కాచేతి మీద వడ్లగింజంత ఆకుపచ్చది ఒకటి పాకుతోంది. అతని భుజం వెనక, తొట్టిలోని మొద్దుల మీద ఎండలో ఇంకొకటి కదిలింది. దాని పక్కన మరొకటి.

చొక్కా మీదిది రెక్కలు విప్పింది. వాగు మీదుగా, కింద తోటల వైపు ఎగిరిపోయింది.